ఉడుములపల్లి బోరింగు చీలోపాఖ్యానము

విఘ్నేశ్వరునకు పిదప మ్రొక్కుదము. ముందుగా మైకునకు మ్రొక్కవలెను. ఏలయన విఘ్నములు తొలగినను మైకు పలుకనిచో సభ లేదు. సభ లేనిచో కథ లేదు. ఓ ధ్వనివర్ధక మహాయంత్రమా! పట్టినవానికి మైకమును, పట్టనివానికి శోకమును కలిగించు లోహకమలమా! కుయ్యిమని కూయక, గుర్రుమని గొణుగక, ఈ వీరగాథ ముగియునందాక మమ్ము బ్రోవుము.

స్వస్తి! క్రీస్తుశకము వేయిన్ని తొమ్మిదివందల తొంబదితొమ్మిదవ వత్సరమున, మండు వేసవియందు, శామీర్‌పేట చెరువు తన నీటిని తానే త్రాగి సగమైన తరుణమున, మేడ్చల్‌కు తూర్పునను కీసరకు పడమటను, నిన్నటి జొన్నచేలు నేటి ప్లాట్లుగా చీలిపోయి, మంచెలు నిలిచినచోట సున్నము పూసిన హద్దురాళ్లు మొలచిన సీమయందు, ఉడుములపల్లి అను గ్రామరాజము కలదు. ఆ గ్రామమునకు నట్టనడుమ ఒక చేతిపంపు, అనగా బోరింగు, కలదు. ఆ బోరింగు నట్టనడుమ బొటనవ్రేలు దూరునంతటి రంధ్రమొకటి కలదు. ఆ రంధ్రమున, హ్యాండిలు ఊడిరాకుండ పట్టి నిలుపు ఇనుప చీల ఒకటి ఉండవలెను.

లేదు.

ఆ చీల ఎట్లు పోయెనను విషయమున పౌరాణికులలో భేదాభిప్రాయములు కలవు. అరిగి రాలెనని కొందరు, పాతసామాను వానికి పోయి ఉల్లిగడ్డలై ఎవరి పులుసులోనో కరగెనని మరికొందరు. పోయిన చీలకు మారుగా మరియొకటి తెచ్చుట ఎంత పని? శామీర్‌పేట ఇనుప దుకాణమున అడిగిన దొరకు వస్తువే. కాని ఉడుములపల్లిలో తాతలనాటి ధర్మశాస్త్రమొకటి కలదు. అది ఏ తాళపత్రమునందును లేదు, ప్రతి నాలుకపైనను కలదు. "ముట్టినోనికే చుట్టుకుంటది" అనునదియే ఆ శాస్త్రము. ఊరి వస్తువును ఎవడు మొదట బాగుచేయునో, వాడే ఆచంద్రతారార్కము దానిని బాగుచేయవలెను. మైసయ్య అనువాని తాత ఒకానొక దినమున ఒరిగిన బస్టాపు బోర్డును, పోనీలెమ్మని, నిలబెట్టెను. తాత పోయెను, తండ్రి పోయెను. నేటికిని గాలివాన వచ్చినప్పుడెల్ల ఊరు ఊరంతయు మైసయ్య ఇంటివంక చూచును. కావున ఉడుములపల్లి వీరులు పులినైనను ముట్టుదురు గాని బోరింగును ముట్టరు.

ముట్టినది ఒక్కతె. ఆమెయే మన కథానాయిక, జాలవిశారద, కొర్రమట్టకులాంతకి, శిరస్తట్టాధారిణి, యాదవ్వ.

శాస్త్రము ఆమె ఎరుగక కాదు, ఎరిగి మరచినది. ఫాల్గుణమాసపు ఉదయమున, తలపై పెనిమిటి బాలమల్లు పట్టితెచ్చిన చేపల తట్ట, చంకలో ఖాళీ బిందె, చెవిలో ఆరు నలబై బస్సు హారను. ఈ మూడింటి నడుమ నలిగి, "ఒక్క బిందెకే గదా" యని ఇంటికి పరుగెత్తి, తన విసుర్రాయి పిడికొయ్యను ఊడబెరికి తెచ్చి బోరింగు రంధ్రమున దూర్చి రాతితో రెండు దెబ్బలు వేసెను. నీరు దూకెను. అంతే! వెనుక వరుసగా నిలిచిన పదునెనిమిది బిందెలు ఒక్క కంఠముతో "యాదవ్వ బాగుజేసింది!" అని ఘోషించెను. ముట్టినది, చుట్టుకొన్నది.

నాటినుండి ఆమెకు ప్రాతఃకాలము లేదు, పాతకాలమే మిగిలెను. కొయ్య కొయ్యయే గాని ఇనుము కాదు గదా! పది పోట్లు కొట్టగనే జారును. జారినప్పుడెల్ల యాదవ్వ రాతితో మోదవలెను. ఆమె మోదుచుండగా ఆరు నలబై బస్సు ఆమె మోముపైననే దుమ్ము చల్లి పోవును. తొమ్మిదింటి బస్సుకు మచ్చ బొల్లారము చేరుసరికి చేపల కన్నులు తేలిపోవును, కొనువారి కన్నులు మారిపోవును. పదునాలుగేండ్లుగా ఆమె తట్టకొరకే వాకిట నిలిచిన అచ్చటి కాలనీ ఇల్లాండ్రు మొన్న మంగళవారము తుదిమాట చెప్పివేసిరి. "ఈ వారం చూస్తం యాదవ్వా. పొద్దుగాల అందకుంటే, గా కుత్బుల్లాపూర్ ఆమెతోటి వాడుక పెట్టుకుంటం. మాకూ కూర వండుకునేది ఉంటది గదా!"

ఒక్క చీల! ఆ చీలపైననే పదునాలుగేండ్ల వాడుక వ్రేలాడుచుండెను. ఆ వారమునందే, దైవికముగా, ఉడుములపల్లిలో గ్రామసభ వచ్చిపడెను.



సభాస్థలము బడి ఆవరణము. వేదిక ఏది? గ్రామప్రభువు అంజయ్యపటేలు గారి ట్రాక్టరు ట్రాలీ. రెండు చక్రముల ఆ మహారథము ముందుకొనను ట్రాక్టరుకు ఇనుప చీలతో తగిలించి, వెనుక పలక విప్పి, ఎక్కుటకు వీలుగా క్రింద వరిగడ్డి మోపులు పేర్చి, పైన షామియానా గుడ్డ కట్టిరి. సర్పంచి పదవి స్త్రీలకు రిజర్వు అగుటచే సర్పంచి ఆయన భార్య లక్ష్మీకాంతమ్మ. సంతకము ఆమెది, శాంతము ఆమెది, సంత మాత్రము అంజయ్యది. మూడేండ్లుగా ఆమె ప్రతి సభలోను నడిమి కుర్చీలో పూలదండ వెనుక ఉండుననియే గాని, ఆమె కంఠమెట్లుండునో ఊరెరుగదు.

అంజయ్యకు ఆ దినమున ఒక కోరిక కలదు. ఊరి చివర తాను వేసిన ప్లాట్లవరకు సిమెంటు రోడ్డు వేయవలెనని ప్రజలచేత తీర్మానము చేయించుట. తీర్మానమనగా మానము తీరకుండ పని తీర్చుకొను విద్య.

పదింటికి, సభ జరిపించి రిజిస్టరున వ్రాసికొనిపోవలసిన నోడల్ ఆఫీసరు జీపు దిగెను. ఆయన పశువుల శాఖలోనివాడు. గొంతువాపు గూర్చి ఎరుగును, గొంతు గూర్చి ఎరుగడు. టార్పాలినుపై, అంజయ్య దంపతులతో సహా, ఇరువదియెనమండుగురు ప్రజలు చతికిలబడిరి. యాదవ్వ ముందువరుసను, చీరకొంగున కొయ్యను, రాతిని మూటగట్టుకొని, ఆసీనయయ్యెను.

అప్పుడు మైకును చేకొని లేచెను గాలయ్య. ఒకప్పుడు భాగోతములందు ద్వారపాలక వేషము కట్టినవాడు. నేటికిని ఎవరిని పిలిచినను స్వర్గద్వారము తెరచినట్లు పిలుచును.

"అఖండ గౌరవనీయులు, అశేష ప్రజాబంధువు, శ్రీ అంజయ్యపటేలు గారిని వేదికనలంకరించవలసిందిగా ప్రార్థిస్తున్నాం!"

అంజయ్య ఎక్కెను. లక్ష్మీకాంతమ్మ ఎక్కెను. ఆఫీసరు ఎక్కెను. చప్పట్లు మ్రోగెను. ఇంతటితో ఆగినచో ఇది సభ; ఆగలేదు గనుక ఇది చరిత్ర. ఏలయన ఒకనిని పిలిచి వాని దాయాదిని పిలువనిచో పగ. ఈ వాడవానిని పిలిచి ఆ వాడవానిని విడిచినచో సెగ. మాజీ సర్పంచిని పిలిచెను. మాజీ సర్పంచిపై ఓడినవానిని పిలిచెను. ఓడినవానికి ఓటువేయుదునని వేయనివానిని సైతము పిలిచెను. పాలసంఘము, కల్లుసంఘము, బడి కమిటీ, బడి కమిటీని వ్యతిరేకించు కమిటీ. మాజీలు, తాజాలు, కాబోవువారు! ఎక్కినవారికి కుర్చీలు చాలక స్టూళ్లు, స్టూళ్లు చాలక ఇసుకబస్తాలు, బస్తాలు చాలక ఒకరి ఒడి ఒకరికి ఆసనమయ్యెను. దండలు మెడలకు, దండములు చేతులకు, దండుగ దినమునకు.

ఆ తుదను గాలయ్య గాలిని గుండెలనిండ పీల్చి, "మత్స్య పారిశ్రామిక సంఘ మాజీ ఉపాధ్యక్షులు, జలచరనాథులు, శ్రీ బాలమల్లు గారు!" అనెను.

యాదవ్వ ప్రక్కననున్న బాలమల్లు ఉలికిపడి లేచెను. అతని ముఖమున సిగ్గు, మీసమున గర్వము ఒక్కసారిగా పొడసూపెను.

"ఏందయ్యా, నువ్వు గూడ పోతవా? నా పక్కన కూసోని నాకు వంత పాడుతనంటివి గదనే!"

"పిలిచిండ్రే యాదీ! పిలిస్తె పోకుంటె మర్యాద గాదు."

"మర్యాద పొయ్యిల వెట్ట! పొయ్యి కూసో. ఇంటికొస్తవు గద, గా దండనే కూరొండి పెడ్త."

జలచరనాథుడు తల వంచుకొని, అయినను వడివడిగా, గడ్డిమోపులెక్కెను.

యాదవ్వ వెనుదిరిగి చూచెను. టార్పాలిను నలుమూలలా పరచుకొనియున్నది. దానిపై రెండు చెప్పులు, ఒక కుక్క. ఇరువదియెనమండుగురిలో ఇరువదియేడుగురు వేదిక నలంకరించిరి. ఉడుములపల్లి ప్రజాసాగరము ఇంకి ఇంకి ఒక్క బొట్టై మిగిలెను. ఆ బొట్టు పేరు యాదవ్వ.



రోడ్డు తీర్మానమును అంజయ్య స్వయముగా చదివి, "ప్రజలందరు చేతులు లేపుండ్రి!" అనెను. వేదికపై ఏబదినాలుగు చేతులు లేచెను. ఒకరి మోచేయి ఒకరి ముక్కును తాకెను. ఆఫీసరు తన రిజిస్టరులో వ్రేలు పెట్టి గొణిగెను.

"సార్, అట్లా కుదరదండీ. ఇందులో రెండు గడులున్నాయి. వేదికపై ఆసీనులైనవారు అని ఒకటి, హాజరైన ప్రజలు అని ఒకటి. పైన కూర్చున్నవాళ్లని ప్రజలుగా రాయకూడదు. కింద ఉన్నవాళ్లే ప్రజలు."

"కింద ఎవరున్నరు?"

"ఆవిడ ఒక్కరే."

"గంతేనా! అయితే ఓ పదిమంది కిందికి దిగుండ్రయ్యా, జల్దీ!"

అప్పుడు చెలరేగినది ఆ అవరోహణ మహాసంగ్రామము! ఎక్కుట సులభము; దిగుట దుర్ఘటము. మొదట దిగినవాడు తన గౌరవమును తానే దించుకొన్నట్లు గదా! మాజీ సర్పంచి ఓడినవానిని దిగుమనెను. "నేనెందుకు దిగుత? మీ నాయిన దిగిండా ఎన్నడన్న?" అని ఓడినవాడు బస్తాను కౌగిలించుకొనెను. పాలసంఘము కల్లుసంఘమును త్రోసెను; పాలు పొంగెను, కల్లు పొంగెను, ఎవరును దిగరైరి. బాలమల్లు మాత్రము దిగవలెనని ఒక కాలు చాచెను గాని, ఆ కాలిపై బడి కమిటీ అంతయు కూర్చుండుటచే కదలలేకపోయెను. "శాంతి! శాంతి!" అని గాలయ్య మైకున గర్జించుచుండగా, సరిగ్గా పదకొండు గంటలయ్యెను.

కరెంటు పోయెను. ప్రతిదినము పదకొండింటికి పోవునదియే. మైకు చచ్చెను. నోరు తెరచియు గాలయ్య గాలి మాత్రమే విడుచుచుండెను.

ఆ నిశ్శబ్దమున యాదవ్వ లేచెను. మూడంతస్తుల పైనున్న ఇల్లాలిని సైతము తలుపు తీయించు చేపలమ్మి కంఠమునకు మైకేల? కరెంటేల? కొంగు బిగించి, కొయ్యను గదవలె ఎత్తిపట్టి, ఇట్లనెను.

"వినుండ్రి! పైన కూసున్న దొరలారా, దొరలు గాని దొరలారా! మీరు పైకెక్కినంక కింద నీళ్లకు కష్టమైతాంది. గీ కొయ్య నా ఇసుర్రాయిది. మూన్నెల్లసంది మీ ఇండ్ల నీళ్లన్ని గీ కొయ్య మీదనే నడుస్తున్నయ్. మీరు తానం జేస్తె కొయ్య, మీ ఎడ్లు తాగితె కొయ్య, గా సారుకు ఇచ్చిన చాయ్‌ల గూడ కొయ్య! నా ఇంట్ల ఇసిరేదానికి కొయ్య లేదు, నా బస్సుకు నేను లేను. మస్తు పరేషానైన. నేను బంగారం అడుగుతలేను, బంగ్లా అడుగుతలేను. ఒక్క సీల! జానెడు ఇనుము! ఇస్తె చెయ్యి లేపుత. ఇయ్యకుంటె, గీ రెండు చేతులు నడుముకే!"

అని నడుమున చేతులుంచి నిలిచెను. టార్పాలినుపై కుక్కయు లేచి నిలిచెను.

అంజయ్య రాజనీతిధురంధరుడు. నోరున్నవారికి కుర్చీ యిచ్చిన నోరు కూర్చుండునని ఎరిగినవాడు. పెదవులపై వెన్న పూసికొని, "అరె, యాదవ్వను మరిచిపోయినం గదరా గాలీ! మన ఊరి ఆడపడుచు! రా యాదవ్వా, పైకి రా, దండేస్త" అనెను.

"వద్దు!" అని కెవ్వున అరచినది యాదవ్వ కాదు, ఆఫీసరు. "ఆమె కూడా ఎక్కేస్తే ప్రజలు సున్నా అవుతారండీ! సున్నామందితో సభ జరిగిందని నేను ఏ ముఖంతో రాయను? అమ్మా, మీకు దణ్ణం పెడతాను, ఎక్కకండి!"

"నేనెందుకెక్కుత సారూ? నాకు చేపల తట్ట ఎత్తుడే ఎరుక, నేనెక్కుడు ఎరుకలే."

"సరే, సరే" అని అంజయ్య గొంతు దించెను. "సీల సంగతి గూడ రిజిస్టర్ల రాయిస్త. మండలానికి పోతది, ఎస్టిమేటేస్తరు, ఆరునెల్లల్ల వస్తది. ఇగ రోడ్డుకు చెయ్యి లేపు."

"రిజిస్టర్ల రాసి, గా కాయితం చుట్టి బోరింగు పొక్కల వెడుదామా పటేలా? మరి గా రోడ్డు మీద ఎవలు నడుస్తరు?"

"ప్లాట్లు కొన్నోళ్లు."

"వాళ్లొచ్చినంక వాళ్లే చెయ్యి లేపుతరు తియ్యి."

వేదికపై నవ్వు పొంగి పొరలెను. నవ్విన కుదుపునకు ట్రాలీ ఒకసారి వెనుకకు మూలిగెను. అందరును వెనుకకే పేరుకొనియుండిరి గదా! "ఎవరైనా ఒక చీల ఇవ్వండయ్యా, నా సభ పూర్తవుతుంది" అని ఆఫీసరు చేతులు జోడించెను. ఇరువదియేడుగురును ఇరువదియేడు దిక్కులు చూచిరి. ఇంటింట ఇనుము కలదు. ఇచ్చు గుండె లేదు. ఇచ్చిన, ముట్టినట్లు. ముట్టిన, చుట్టుకొన్నట్లు.

అప్పుడు పూలదండల వెనుకనుండి ఒక కంఠము వినవచ్చెను. అది ఎవరిదో తెలియక అందరును నలువైపులు చూచిరి.

"సీల మనకాడ ఉన్నది."

లక్ష్మీకాంతమ్మ! మూడేండ్ల మౌనవ్రతము వీడిన ఆ మహాసాధ్వి, మెడలోని దండను తీసి కుర్చీకి వేసి, పవిట దోపి, ట్రాలీ ముందు పలకను దాటి, తగులుకడ్డీపై అడుగుమోపి నేలకు దిగెను. దిగినచో గౌరవము పోవునని ఆమెకు తోచలేదు. గౌరవము కలదని ఆమెకు ఎవరైన చెప్పియున్న గదా! ట్రాక్టరును ట్రాలీని కలిపి పట్టిన ఇనుప చీల మొదట వంగి నిలిచి, "యాదవ్వా, గా రాయి ఇటియ్యి" అనెను.

"ఏయ్! ఏం జేస్తున్నవే? ముట్టకు!" అని అంజయ్య గగ్గోలుపెట్టెను. "ముట్టితె బోరింగు జన్మజన్మలకు మనకే చుట్టుకుంటది!"

లక్ష్మీకాంతమ్మ తల ఎత్తి చూచెను. "చుట్టుకోనియ్యవయ్యా. సర్పంచంటె గదే గదా?"

ఒక దెబ్బ. చీల కదలెను. రెండవ దెబ్బ. చీల పైకుబికెను. మూడవ దెబ్బ! చీల ఊడివచ్చి ఆమె చేత మెరసెను.

ఆహా! ఆ క్షణమున జరిగిన ప్రళయమును వర్ణింప ఎవరితరము? ముందు పట్టు తప్పిన ఆ ద్విచక్ర మహారథము, వెనుకనున్న సమస్త గౌరవభారమునకు తలయొగ్గి, ముక్కును ఆకాశమునకెత్తి, తోకను నేలకాన్చెను. విప్పియున్న పలకమీదుగా కుర్చీలు, స్టూళ్లు, దండలు, బస్తాలు, మాజీలు, తాజాలు, పాలసంఘము, కల్లుసంఘము, జలచరనాథుడు, ద్వారపాలకుడు, తుదకు తెల్లబట్టల అంజయ్యయు, జారుబండపై బడిపిల్లలవలె జర్రున జారి, వరిగడ్డిపై పొర్లి, టార్పాలినుపైకి వచ్చి, వరుసగా చతికిలబడిరి. ఎవరికిని దెబ్బ తగులలేదు. హోదాకు తగిలిన దెబ్బ కంటికి కానరాదు. కుక్క మర్యాదగా జరిగి చోటిచ్చెను.

ఆఫీసరు గడ్డిలోనుండి రిజిస్టరును, కళ్లజోడును వెదకి తీసి, కన్నుల నీరు నిండ, "హాజరైన ప్రజలు" అను గడిలో, జారిపడిన తననును కలిపి లెక్కపెట్టుకొని, "ఇరవైతొమ్మిది!" అని వ్రాసెను. ఆయన జీవితమున అంతటి నిండు గ్రామసభ జరిగియుండలేదు. "తీర్మానం చెప్పండమ్మా" అనెను.

యాదవ్వ చీలను చేతబట్టి చూపెను. లక్ష్మీకాంతమ్మ మొదట చేయి లేపెను. పిదప గడ్డిపరకలు తలలందు తురుముకొన్న ప్రజలందరును, అంజయ్యతో సహా, చేతులు లేపిరి. రోడ్డు సంగతి ఎవరికిని జ్ఞాపకము రాలేదు. ఒక్కనికి వచ్చినను, అతని నోటినిండ గడ్డి ఉండెను.

మరునాటి ఉదయమున బోరింగు రంధ్రమున ఇనుప చీల కుదురుకొని, పది పోట్లు కాదు, నూరు పోట్లకును చలింపక నిలిచెను. చీల లేని ట్రాలీ బడి ఆవరణముననే ముక్కెత్తుకొని పడియుండగా, మేకలు దాని నలంకరించెను. వాటిని ఎవరును పేరుపేరున పిలువలేదు. యాదవ్వ ఇంట విసుర్రాయి మూన్నెల్ల మూగనోము వీడి ఘుర్రుమని తిరిగెను. బాలమల్లు త్రిప్పుచుండెను, అది శిక్ష.

ఆరు నలబై బస్సు వచ్చెను. తట్ట పైకెక్కించి, కిటికీ ప్రక్కన చోటుచేసికొని, యాదవ్వ బయటికి చూచెను. బోరింగు కడ పదునెనిమిది బిందెలు వరుసదీరియున్నవి. హ్యాండిలు కిర్రుమన్నదని, ముట్టిన ఇల్లు మీదేనని, శాస్త్రప్రకారము, ప్రొద్దున్నే ఊరివారు తలుపుతట్టి లేపితెచ్చిన అంజయ్యపటేలు, తెల్లబట్టలతో, చేత ఆముదపు గిన్నెతో, చీలపై చుక్కచుక్కగా పోయుచుండెను. ప్రక్కన లక్ష్మీకాంతమ్మ నిలిచి, "ఇంకొంచెం... ఆఁ, గట్ల" అనుచుండెను.

"పటేలా!" అని యాదవ్వ కిటికీనుండి కేకవేసెను. "సాయంత్రం కొర్రమట్ట తెస్త, పిలగాండ్లకు!"

అంజయ్య తల ఎత్తకయే ఆముదపు చేయి ఊపెను.

జయము! జయము! జానెడు ఇనుమునకు జయము! వినుడు దిక్కులారా, వ్రాసికొనుడు శాసనకారులారా: శామీర్‌పేట మండలమున, ఉడుములపల్లి గ్రామమున, చేప చావకముందే, అనగా కన్ను తేలకముందే, యాదవ్వ మచ్చ బొల్లారము చేరెను.